బాల్యం ఎవరి ఆస్తి? – ఇంటి సినిమాల మీద కొన్ని ఆలోచనలు

బాల్యం వర్గాలకు అతీతమైనదనే అభిప్రాయం మన సాహిత్యంలో చాలాకాలంగా చెలామణీ అవుతూ ఉంది. ప్రేమను, ప్రకృతిని, చివరికి దేవుణ్ణి కూడా వర్గ సమాజపు నేల మీదికి దించి చర్చించిన విమర్శకులు బాల్యం దగ్గరికి వచ్చేసరికి మెత్తబడిపోతారు. చిన్నతనం ఎవరికైనా చిన్నతనమే కదా అంటారు. కిందటేడు మా ఊళ్ళో బాల్య జ్ఞాపకాల సంపుటం ఒకదాని మీద చర్చ జరిగింది. అందులో పండగలున్నాయి, మామిడితోటలున్నాయి, అమ్మమ్మ చేతి ముద్దలున్నాయి. ఆ తోటకు నీళ్ళు తోడినవాళ్ళు లేరు, ఆ ముద్దలు కలిపిన గిన్నెలు తోమినవాళ్ళు లేరు. ఆ సంగతి నేను ఎత్తగానే ఒక పాత మిత్రుడు విసుక్కున్నాడు. "జ్ఞాపకాలకు కూడా రాజకీయాలు అంటగడతావేమిటయ్యా? మనసులో ఉన్నది రాసుకున్నాడు. లేనిది ఎక్కణ్ణుంచి తెస్తాడు?" అన్నాడు. ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాను. మనసులో ఎందుకు లేదు అన్నదే అసలు ప్రశ్న అని ఇంటికొచ్చాక తోచింది.

జ్ఞాపకాన్ని పట్టుకుని పరీక్షించడం కష్టం. అది మనిషితోపాటు రంగు మారుస్తూ పోతుంది. అయితే గత నూరేళ్ళుగా ప్రపంచంలో ఒక తరగతి కుటుంబాలు తమ పిల్లల బాల్యాన్ని ఫిల్ము మీదికి ఎక్కించి పెట్టెల్లో దాచుకుంటూ వచ్చాయి. తొలి అడుగులు, పుట్టినరోజులు, సముద్రపుటొడ్డు, కొత్త సైకిలు. వీటిని హోమ్ మూవీలంటారు. మనం ఇంటి సినిమాలందాం. ఇక్కడ జ్ఞాపకం మారదు, చూసే మనిషి మారతాడు. కనుక 'మనసులో ఉన్నది' అనేది ఎలా తయారవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

నిజానికి సినిమా పుట్టినరోజే ఇంటి సినిమా పుట్టినరోజు కూడా. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కఫేలో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చూపిన పది చిన్న చిత్రాలలో ఒకటి, పసిపాపకు తిండి తినిపించే దృశ్యం. తండ్రి ఒగూస్త్ లూమియేర్ చెంచాతో తినిపిస్తుంటాడు. పక్కన తల్లి, మధ్యలో పాప ఆంద్రే. మొత్తం నిమిషం కూడా ఉండదు. వాళ్ళ వెనక చెట్ల ఆకులు గాలికి కదలడం చూసి జనం అబ్బురపడ్డారని సినిమా చరిత్రలు రాస్తాయి. అవి అంతగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. అదే రోజు అదే తెర మీద లూమియేర్ ఫ్యాక్టరీ గేటులోంచి కార్మికులు బయటికి వచ్చే చిత్రం కూడా చూపించారు. కెమెరా ఒకటే, యజమాని ఒకడే. పాపకు పేరుంది, గేటు దాటివచ్చే ఆడవాళ్ళలో ఒక్కరికీ పేరు లేదు. వాళ్ళలో తల్లులు ఉండే ఉంటారు. ఇంటికెళ్ళి ఎవరికి ఏం తినిపించారో చూపే ఫిల్ము లేదు. యజమాని తండ్రిగా కనిపించగలడు. కార్మికురాలు మాత్రం కార్మికురాలిగానే, అదీ ఫ్యాక్టరీ విడిచిపెట్టే క్షణం వరకే కనిపిస్తుంది. ఆ తర్వాత ఇంటి సినిమాల చరిత్ర అంతా ఈ రెండు చిత్రాల మధ్య దూరంలోనే నడిచిందంటే అతిశయోక్తి కాదు.

సరంజామా ధర గురించి కొంచెం చెప్పుకోవాలి. 1923లో కోడక్ కంపెనీ ఇళ్ళలో వాడుకోవడానికి 16 ఎం.ఎం. కెమెరాను, ప్రొజెక్టరును, తెరను కలిపి 335 డాలర్లకు అమ్మింది. అమెరికాలో కూడా అది కూలివాడికి అందే ధర కాదు. 1932లో 8 ఎం.ఎం., 1965లో సూపర్ ఎయిట్ వచ్చి ఖర్చు తగ్గాయి. అయినా సూపర్ ఎయిట్ డబ్బీలో ఉండేది 50 అడుగుల ఫిల్మే. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తిప్పితే మూడు నిమిషాల ఇరవై సెకన్లలో అయిపోతుంది. కొనాలి, కడిగించాలి, అప్పుడు చూడాలి. ఇంత ఖరీదైన మూడు నిమిషాలను పిల్లవాడి జ్వరానికో, అప్పులవాడి కేకలకో, తండ్రి చెయ్యి చేసుకోవడానికో ఎవడు ఖర్చు పెడతాడు? కేకు కోస్తున్నప్పుడు మీట నొక్కుతాడు, కేకు పంచుకోవడంలో తగువు రాగానే ఆపేస్తాడు. వస్తువు, శిల్పాల సంబంధం గురించి మనం పేజీలకు పేజీలు రాస్తూ ఉంటాం. ఇక్కడ రెంటినీ నిర్ణయించింది డబ్బీ ధర.

ధర ఒక్కటే కాదు. ఔత్సాహిక చలనచిత్రాల సామాజిక చరిత్ర రాసిన పట్రీషియా జిమ్మర్‌మన్ (1995) ఒక ముఖ్యమైన విషయం చూపించింది. ఈ చిన్న కెమెరాతో ఎవరైనా ఏదైనా తీయవచ్చుననే అవకాశం మొదట్లో ఉండేది. 1950ల నాటికి పత్రికలు, కరదీపికలు, ప్రకటనలు కలిసి ఆ కెమెరాను ఇంటి నాలుగు గోడల మధ్యకు తోసేశాయి. వీధిని తీయగల యంత్రం వరండాను తీసే యంత్రమైంది. రొజే ఓదాఁ అనే ఫ్రెంచి సిద్ధాంతవేత్త మరో చిత్రమైన మాట అన్నాడు. ఇంటి సినిమా ఎంత అస్తవ్యస్తంగా ఉంటే ఇంట్లోవాళ్ళకు అంత బాగా పనిచేస్తుందట. తెగిన ముక్కల మధ్య ఖాళీలను వాళ్ళు మాటలతో పూరించుకుంటారు గనక. నాకు ఈ మాట చాలా విలువైనదిగా కనిపించింది. ఇంటి సినిమాలో భావజాలం ఉన్నది బొమ్మలో కంటే ఎక్కువగా ప్రొజెక్టరు పక్కన కూచున్న తండ్రి వ్యాఖ్యానంలోనే. 'అదుగో, ఎంత సంతోషంగా ఉన్నామో చూడండి' అని ఆయన అంటాడు. పిల్లలు నమ్ముతారు. ఆ పిల్లలే పెద్దవాళ్ళై ఆ వ్యాఖ్యానం లేకుండా అదే రీలు చూసిన రోజున అర్థం మారుతుంది. నా దృష్టిలో ఈ రీళ్ళు బయటపెట్టే 'ఎదగడం' అంటే అదే. పిల్లవాడి ఎత్తు పెరగడం బొమ్మలో కనిపిస్తుంది. చూపు పెరగడం బొమ్మ బయట జరుగుతుంది.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఒక రచయిత్రి నుంచి వచ్చింది. 2022లో నోబెల్ బహుమతి అందుకున్న ఫ్రెంచి రచయిత్రి ఆనీ ఎర్నో, అదే సంవత్సరం తన కొడుకు దవీద్‌తో కలిసి 'సూపర్ ఎయిట్ సంవత్సరాలు' అనే గంటసేపటి చిత్రం తెచ్చింది. 1972 నుంచి 1981 దాకా ఆమె భర్త తీసిన రీళ్ళవి. అవి మూగవి. నలభై, యాభై ఏళ్ళు గడిచిన జీవితానుభవంతో, తాను రాసుకున్న మాటలను ఆమే వాటి మీద చదువుతుంది. బొమ్మలో ముప్పై దాటిన అందమైన టీచరమ్మ, ఇద్దరు మగపిల్లలు, సెలవులకు పోయిన ఊళ్ళు, మంచు. పైకి ఇది సుఖంగా ఉన్న మధ్యతరగతి కుటుంబం.

ఎర్నో బాల్యం తెలిసినవారికి ఈ బొమ్మలు వేరేగా కనిపిస్తాయి. ఆమె తండ్రి, తల్లి నార్మండీలోని ఈవ్‌తో అనే చిన్న ఊళ్ళో కాఫీ దుకాణం, కిరాణా కొట్టు నడుపుకున్నవాళ్ళు. అంతకుముందు కూలిపని చేసినవాళ్ళు. ఆ ఇంట్లో సినిమా కెమెరా లేదు, ఉండే అవకాశమూ లేదు. ఆమె బాల్యానికి సాక్ష్యంగా మిగిలినవి కొన్ని ఫొటోలు, ఆమె పుస్తకాలు. ఆమె పిల్లల బాల్యానికి మాత్రం రీళ్ళున్నాయి. అంటే ఒక తరంలోనే ఆ కుటుంబం ఫిల్ము లేని బాల్యం నుంచి ఫిల్మున్న బాల్యానికి దాటింది. మనం ఈ రీళ్ళలో పిల్లలు ఎదగడం చూస్తున్నామనుకుంటాం. నిజానికి చూస్తున్నది తల్లి తన వర్గాన్ని విడిచి మరో వర్గంలోకి నడిచిన దారిని. ఆ బొమ్మల్లోని కుర్చీలు, గోడలు, ప్రయాణాలు ఆ దారిలో సంపాదించుకున్న యోగ్యతాపత్రాలు.

ఇంకొక సంగతి బొమ్మలో అసలు కనిపించదు. ఆ రోజుల్లో ఆమె ఇంట్లో ఎవరికీ తెలియకుండా మొదటి నవల రాస్తూ ఉంది. పరిశోధన చేసుకుంటున్నానని చెప్పి రాసింది. 1974లో అచ్చయిన ఆ నవల నిండా తన పుట్టిన వర్గానికీ చేరిన వర్గానికీ మధ్య నలిగిపోవడమే. కెమెరా ముందు నవ్వుతున్న ఆ మనిషి లోపల ఆ పుస్తకం ఉంది. కెమెరాకు అది దొరకలేదు. భర్త బొమ్మలో కనిపించేది చాలా తక్కువ, ఎందుకంటే కెమెరా ఆయన చేతిలో ఉంది. ఎవరు చూడాలి, ఎవరు కనిపించాలి అనే పని విభజన ఆ ఇంట్లో మాటల్లేకుండానే జరిగిపోయింది. విడిపోయినప్పుడు ఆయన కెమెరాను తీసుకుపోయాడు, రీళ్ళు, ప్రొజెక్టరు ఆమెకు మిగిలాయి. పరికరం ఒకరికి, గతం ఒకరికి. ఆ రీళ్ళలో అక్కడక్కడా ఆమె తల్లి కనిపిస్తుంది. దుకాణం పోయాక కూతురింట్లో పిల్లల్ని చూసుకుంటూ ఉన్న ముసలామె. ఆ ఇంట్లో ఆమె స్థానం ఎంత ఇబ్బందికరమైనదో ఎర్నో 1988లో తల్లి మీద రాసిన పుస్తకం చదివినవారికి తెలుసు. బొమ్మ చూస్తే మాత్రం వట్టి అమ్మమ్మ.

1972లో వాళ్ళు చిలీకి కూడా పోయారు. అయెందే ప్రభుత్వం ఉన్న రోజులు. ఆ చిలీ మరుసటి ఏడు సెప్టెంబరులో సైనిక బూట్ల కింద నలిగిపోయింది. ఇంటి సినిమాకు ఆ సంగతి తెలియదు, ఆమె గొంతుకు తెలుసు. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే ఆ చిత్రంలోని శక్తి అంతా. నాకు దాని మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది. పిల్లలు ఈ రీళ్ళలో ఏం చూశారో తెలియదు. కొడుకు పక్కనే ఉన్నాడు, కూర్చిపెట్టాడు, మాట్లాడలేదు. కెమెరా తండ్రిది, మాట తల్లిది. బాల్యం ఎవరిదో వాళ్ళకు మాట దొరకలేదు.

మా సమావేశంలో ఈ చిత్రం వేసుకుని చూశాక ఒక ఎం.ఏ. విద్యార్థిని లేచి, "మాస్టారూ, మా ఇంట్లో నా చిన్నప్పటి ఫొటో ఒక్కటే ఉంది. అదీ స్కాలర్‌షిప్ ఫారానికి తీయించింది. నేను దేన్ని చూసి ఏం కనుక్కోవాలి?" అంది. ఈ ప్రశ్నను పక్కన పెట్టి ముందుకు పోవడం నాకు కుదరలేదు.

వలస పాలన నాటి ఇంటి సినిమాలు గుర్తుకొచ్చాయి. మన దేశంలో ఉద్యోగాలు చేసిన ఇంగ్లీషు కుటుంబాలు తీసుకున్న ఫిల్ములు చాలా వాటిని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా అధ్యయన కేంద్రం సేకరించి భద్రపరిచింది. తోటల్లో విందులు, వేటలు, గుర్రపు పిల్లల మీద దొరల పిల్లలు. ఆ పిల్లల పక్కన, వెనక, కొంగు పట్టుకుని నడిపిస్తూ ఆయాలు. కొన్నిచోట్ల ఆయా చెయ్యి మాత్రమే కనిపిస్తుంది, ముఖం చట్రానికి పైన తెగిపోతుంది. కెమెరా గురి పిల్లవాడి మీద గనక. ఆ పిల్లలలో చాలామంది ఇంగ్లీషు కంటే ముందు ఆయా భాష మాట్లాడినవాళ్ళు. ఏడెనిమిదేళ్ళు రాగానే చదువుకని ఓడ ఎక్కించేవారు. అంటే ఆ వర్గంలో ఎదగడమంటే ఆయా భాష మరిచిపోవడం. ఇంగ్లండు చేరాక ఆ ఫిల్ములు వేసుకుని చూసినప్పుడు వాళ్ళకు ఆ చెయ్యి కనిపించి ఉంటుందా? మనవాళ్ళు ఎవరైనా ఆ ఫిల్ములను కూచుని చూసి, ఆ చేతుల గురించి రాయవలసిన అవసరం ఉంది.

దొరల గురించి రాయడం తేలిక. ఇక్కడిదాకా వచ్చి నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

మా ఇంట్లోనూ ఒక ఇంటి సినిమా ఉంది. 1993లో మా అమ్మాయి అయిదో పుట్టినరోజుకు తీయించిన వీడియో క్యాసెట్టు. అప్పట్లో మేమున్నది అద్దె ఇంట్లోనే అయినా, నాకు లెక్చరరు ఉద్యోగం పర్మనెంటు అయింది. ఆ సంతోషంలో వీధి చివర స్టూడియోవాణ్ణి పిలిపించాను. వాడు పెద్ద లైటు పట్టుకునే కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. తర్వాత మూడుసార్లు వి.సి.పి. అద్దెకు తెచ్చి చూశాం, బీరువాలో పెట్టాం. ముప్పై ఏళ్ళ తర్వాత మా అమ్మాయి దాన్ని ఎక్కడో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చింది. అందరం కూచుని చూస్తున్నాం. ఉన్నట్టుండి మా అమ్మాయి ఆపి, "ఆ గౌను నాదే కదా నాన్నా? ఆ పిల్ల ఎవరు?" అంది.

ఆ పిల్ల మా ఇంట్లో పనిచేసిన పిల్ల. నా భార్య పుట్టింటివైపు నుంచి తెచ్చుకున్నాం. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి. మా అమ్మాయిని ఎత్తుకు తిరిగేది. నలభై నిమిషాల క్యాసెట్టులో ఆ పిల్ల మూడుసార్లు కనిపిస్తుంది, మొత్తం కలిపితే పదకొండు సెకన్లు. తర్వాత ఒంటరిగా కూచుని లెక్కపెట్టాను. మొదటిసారి స్టీలు పళ్ళేలు దొంతరగా మోసుకొస్తూ. రెండోసారి అందరూ పాట పాడుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, పెదాలు కదుపుతూ. తనూ పాడుతోంది. మూడోసారి లైటు అనుకోకుండా ఆమె మీద పడింది. కెమెరా వైపు చూసి నవ్వింది. మా అమ్మాయి పాత గౌను తొడుక్కుని ఉంది, భుజాల దగ్గర బిగుతుగా ఉంది. అప్పుడు చట్రం బయటినుంచి ఒక చెయ్యి వచ్చి ఆమెను మెల్లగా పక్కకు జరిపింది. ఆ చేతికి ఉన్న గడియారం నాది. మా మామగారు పెళ్ళిలో పెట్టింది.

మూడుసార్లు చూసిన క్యాసెట్టే. అప్పుడు నాకు ఆ చెయ్యి కనిపించలేదు. పెద్దగా బాధించిన సంగతి కూడా అది కాదు. ఆ చెయ్యిలో కోపం లేదు, విసురు లేదు. పూలకుండీని జరిపినట్టు జరిపింది. చట్టం గురించి అడిగేవారుంటారు గనక చెబుతున్నాను. 1986 బాలకార్మిక చట్టం నిషేధించిన పనుల జాబితాలో ఇంటిపని లేదు, దాన్ని చేర్చింది 2006 అక్టోబరు 10 నుంచి. కనుక నేను నేరం చేయలేదు. మరోవైపు ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచే రంగారెడ్డి జిల్లాలో పనికి పోయే పిల్లల్ని బడికి పంపించే ఉద్యమం నడుపుతూ ఉంది. ఆ పనిని మెచ్చుకుంటూ నేను సభల్లో మాట్లాడాను కూడా.

మా అమ్మాయి ఆ వీడియోలోంచి చిన్న ముక్క తీసి తన స్నేహితులకు పంపింది. ఫోనులో నిలువుగా కనిపించడానికి రెండు పక్కలా కత్తిరించారట. గుమ్మం ఎడమ అంచున ఉంది. పాడుతున్న పిల్ల పోయింది. పరికరం మారినా కత్తిరింపు అదే అంచున జరిగింది. ఈ రోజుల్లో ఫోను అందరి చేతికీ వచ్చింది కాబట్టి బాల్యం ప్రజాస్వామ్యమైపోయిందని సంబరపడేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఫిల్ము ఖర్చు లేకపోయినా, ఏది తీయదగింది ఏది కాదు అన్న తీర్పు ఇంకా పాత డబ్బీలోదే.

కెమెరా అణగారినవాడి చేతికి వస్తే? దీనికీ ఒక దృష్టాంతం ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుంచి, అమెరికా ప్రభుత్వం దాదాపు లక్షా ఇరవై వేలమంది జపాను సంతతివారిని ఇళ్ళనుంచి వెళ్ళగొట్టి నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. వారిలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. యూటా ఎడారిలోని టోపాజ్ శిబిరంలో డేవ్ తత్సునో అనే వ్యక్తి, కెమెరాలు నిషిద్ధమైనా, కావలివాళ్ళ కంట పడకుండా 8 ఎం.ఎం. రంగుల ఫిల్ము మీద శిబిర జీవితాన్ని తీశాడు. 1996లో దాన్ని అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చారు. ఆ ఫిల్ములో హింస లేదు. మంచు మీద జారుతూ ఆడుకునే పిల్లలు, పండగ పిండివంటలు, గుడి నుంచి వచ్చే జనం. అచ్చంగా ఏ ఇంటి సినిమాలోనైనా ఉండేవే. కాపలా బురుజులు లేవు, వాటిని తీసే వీలు లేదు గనక. సుఖంగా ఉన్నవాడు సుఖాన్ని తీసుకోవడం వేరు, ఖైదీ తన పిల్లల నవ్వును దొంగతనంగా తీసుకోవడం వేరు. బొమ్మ ఒకటే కావచ్చు, చరిత్ర ఒకటి కాదు. కనుక ఇంటి సినిమాలో సంతోషం కనిపించగానే బూర్జువా భ్రమ అని కొట్టిపారేసే తొందర మనకు పనికిరాదు. మన విమర్శలో ఈ తొందర కొంత ఉంది.

ఇంకొక చేదు విషయం కూడా మనం దాటిపోకూడదు. కంబోడియా దర్శకుడు రితీ పాన్ 2013లో 'కనిపించని బొమ్మ' అనే అర్థం వచ్చే పేరుతో తన బాల్యం మీద చిత్రం తీశాడు. 1975లో ఖ్మేర్ రూజ్ నామ్‌పెన్ నగరాన్ని ఖాళీ చేయించినప్పుడు అతను చిన్నపిల్లవాడు. విద్యాశాఖలో పనిచేసిన తండ్రి తిండి మానేసి చనిపోయాడు. కుటుంబంలో చాలామంది ఆకలితో, జబ్బుతో పోయారు. అతని బాల్యానికి బొమ్మలు లేవు. ఉన్నవి అధికారంలో ఉన్నవాళ్ళు తీయించిన ప్రచార చిత్రాలు, వాటిలో అందరూ హుషారుగా మట్టి మోస్తుంటారు. అందుకని అతను మట్టితో చిన్న బొమ్మలు చేయించి, రంగులు వేయించి, తన ఇంటినీ, తండ్రినీ, శిబిరాన్నీ నిలబెట్టి కథ చెప్పాడు. ఆ పాలన ఎర్రజెండా పేరుతోనే నడిచింది. ఆ సంగతి మనం గొంతు తగ్గించి చెప్పుకోవడం మానాలి. ప్రజల పేరుతో తీసిన బొమ్మలో కూడా అంచున పిల్లలు తెగిపోతారు. కెమెరా ఎవరి చేతిలో ఉందనేదే కాక, బొమ్మ బయట ఉన్నవాడికి మాట్లాడే వీలుందా అనేది కూడా అడగాలి.

ఆ విద్యార్థిని ప్రశ్నకు నాకు దొరికిన జవాబులో సగం ఆ మట్టిబొమ్మల్లోనే ఉంది. బొమ్మ లేనివాడు చేసుకోవాలి. మిగతా సగం మన తెలుగులోనే ఉంది. బాల్యాన్ని రాయడంలో మన మధ్యతరగతి తీసుకున్న అత్యుత్తమ ఇంటి సినిమా ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' అని నా అభిప్రాయం. (దాన్ని నేను ఇప్పటికీ నవ్వుతూనే చదువుతాను, ఈ మాట నిందగా అనుకోవద్దు.) ఇల్లు నిండుగా ఉంటుంది, పెద్దవాళ్ళ డాంబికాన్ని పిల్లవాడు బయటపెడతాడు, కాని ఇంటి పునాది కదలదు. నామిని సుబ్రమణ్యంనాయుడు 'పచ్చనాకు సాక్షిగా'కు, ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'కు వచ్చేసరికి కెమెరా పట్టుకోవడానికి ఎవరూ లేని ఇళ్ళు కనిపిస్తాయి. తిరుపతి దగ్గరి పల్లె, కావలిలోని ముస్లిం బస్తీ. ఆ పిల్లల బాల్యంలో ఆట ఒక గదిలో, పని ఒక గదిలో ఉండవు. లేమిని దాచరు, అలాగని దాన్ని ముందు పెట్టి కన్నీళ్ళూ అడగరు. అన్నిటికంటే ముఖ్యమైనది భాష. ప్రొజెక్టరు పక్కన కూచున్న తండ్రి వ్యాఖ్యానం అక్కడ లేదు. ఆ ఇంట్లో మాట్లాడిన మాటే పుస్తకంలో మాట్లాడింది. ఇంటి సినిమాలు లేని తరగతుల పిల్లలు తమ సొంత మాటతో చట్రాన్ని నింపుకోవడం మన సాహిత్యంలో గత నలభై ఏళ్ళలో జరిగిన మంచి పని. వాటిని 'నోస్టాల్జియా' కింద, 'యాస రచనలు' కింద విడగొట్టి పక్కన పెట్టిన విమర్శకులు తమ చేతి గడియారాన్ని ఒకసారి చూసుకోవాలి.

పాత మిత్రుడి ప్రశ్న మిగిలింది, మనసులో లేనిది ఎక్కణ్ణుంచి తెస్తాడని. మనసులో లేదు కాదు, క్యాసెట్టులో ఉంది, పదకొండు సెకన్లు. చూడనివాడి మనసులో లేదు. ఆ తోటకు నీళ్ళు తోడినవాడు ఆ రచయితకు పేరుతో సహా తెలిసి ఉంటాడని నా అనుమానం. అడగాలి.

నేను కూడా అడిగి చూసుకున్నాను. 1994లో, అంటే ఆ పుట్టినరోజు తర్వాతి ఏడే, నేను బాలకార్మికుల మీద ఒక కథ రాశాను. దానికి మంచి పేరే వచ్చింది, రెండు సంకలనాల్లో చేరింది. ఈ వ్యాసం రాయడానికి ముందు దాన్ని తీసి మళ్ళీ చదివాను. అందులో పిల్ల ఇటుకబట్టీలో పనిచేస్తుంది. నేను అప్పటికి ఇటుకబట్టీ లోపలికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆకలి ఉంది, యజమాని క్రౌర్యం ఉంది, చివర పిడికిలి బిగించడం ఉంది. పాడటం లేదు. బిగుతు గౌను లేదు. పద్నాలుగు పేజీల కథలో ఆ పిల్ల తన నోటితో ఒక్క వాక్యం మాట్లాడదు. అదే రోజుల్లో మా వంటింట్లో ఒక పిల్ల రోజంతా మా అమ్మాయికి కబుర్లు చెబుతూనే ఉండేది. ఏం చెప్పేదో మా అమ్మాయిని అడిగాను. రెండు మూడు గుర్తున్నాయంది. ఒకటి ముసలి ఎద్దు గురించిన కథట. ఆ పిల్ల వాళ్ళ ఊరి పేరు నా భార్య చెప్పింది. వచ్చే నెల వెళుతున్నాం.